మామయ్య మాత్రకూ ఈస్ట్ కణానికీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: నేను కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది మూడో సంవత్సరం. ఈస్ట్ కణంలో తయారైన ప్రోటీన్లు అంతర్జీవద్రవ్యజాలం (అవి తయారై ముడుచుకునే చోటు) నుంచి బయలుదేరి గాల్జీ (వాటిని సరిదిద్ది గమ్యాలకు పంపే చోటు) వరకు ఎలా చేరుకుంటాయన్నది నా పరిశోధనాంశం. ఆరు నెలల కిందట మా మేనమామకు గుండెపోటు వచ్చింది. ఇప్పుడు కోలుకున్నారు. రోజూ రాత్రి ఆయనకు మాత్రలు అందించేది నేనే. వాటిలో కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ కూడా ఉంది. ఒకరోజు మాత్ర చేతిలోకి తీసుకుంటూ, "ఇన్నేళ్లుగా ఆ ఈస్ట్‌ను చూస్తున్నావు కదమ్మా, దానివల్ల నాలాంటివాళ్లకు ఏమైనా ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు. ఎగతాళిగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగారు. నేను ఏమీ చెప్పలేకపోయాను. అప్పటినుంచి ల్యాబ్‌లో మనసు నిలవడం లేదు. 37 డిగ్రీల వద్ద వింతగా ప్రవర్తిస్తున్న ఒక మ్యూటెంట్‌ను (జన్యువు మారిన ఈస్ట్ రకాన్ని) కూడా అలాగే పక్కన పెట్టేశాను. ఇదంతా వదిలేసి, మందుల పరీక్షలు జరిగే చోటో, రోగనిర్ధారణ ల్యాబ్‌లోనో, రోగులకు దగ్గరగా ఉండే పని వెతుక్కోవడం మంచిదా?

– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. మీ పని వైద్యానికి పనికివస్తుందా అన్నది మొదటిది, మీరు ఈ పనిలో ఉండాలా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికితే రెండోది దానంతట అదే తేలిపోతుందని మీరు అనుకుంటున్నట్టు కనిపిస్తోంది. అలా తేలదని నా అభిప్రాయం. అయినా ముందు మొదటిదానికే వస్తాను, ఎందుకంటే మీ మామయ్యగారు వేసిన ప్రశ్నకు జవాబు ఆ సమయంలో ఆయన చేతిలోనే ఉంది.

ఆ మాత్ర వెనక ఉన్న కథ చర్మకణాలతో మొదలైందని మీరు చదివే ఉంటారు, కానీ దాన్ని మీ పరిశోధనాంశం పక్కన పెట్టి ఎప్పుడైనా చూశారా? 1960ల చివర్లో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు యువ వైద్యులు ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధి గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ఠమైన జన్యుప్రతులు వచ్చిన పిల్లలలో రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ అనే కణికలు, వాటిలోని కొలెస్ట్రాల్ మామూలు కంటే ఎన్నో రెట్లు ఉంటాయి. వాళ్లకు చిన్న వయసులోనే గుండెపోటు వస్తుంది. అటువంటి పిల్లలు సుమారు 10 లక్షల మందిలో ఒక్కరు ఉంటారని అప్పట్లో అంచనా. ఇంత అరుదైన జబ్బు మీద జీవితం ఎందుకు వెచ్చించడమని ఎవరైనా ఆ రోజుల్లో వాళ్లను అడిగి ఉంటే, వాళ్ల దగ్గర కూడా మీ మామయ్యగారికి నచ్చే జవాబు ఉండేది కాదు.

వాళ్లు చేసిన ప్రయోగాన్ని దగ్గరగా చూడండి, ఎందుకంటే మన వృత్తి ఏమిటన్నది దానిలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా నాకు కనిపించలేదు. ఆ పిల్లల చర్మం నుంచి తీసిన చిన్న ముక్కలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలను వాళ్లు గాజుపాత్రలలో పెంచారు. కదురు ఆకారంలో సాగి, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా పరుచుకునే ఈ కణాలను మీరూ చూసే ఉంటారు. ఆరోగ్యవంతుల కణాలకు ఎల్‌డీఎల్ అందకుండా చేస్తే, అవి తమ కొలెస్ట్రాల్‌ను తామే తయారుచేసుకుంటాయి, అందుకు కావలసిన రిడక్టేజ్ అనే ఎంజైము చురుకుదనం పెరుగుతుంది. ఎల్‌డీఎల్‌ను తిరిగి కలిపితే ఆ చురుకుదనం పడిపోతుంది. రోగుల కణాలలో మాత్రం ఎంత ఎల్‌డీఎల్ పోసినా ఆ ఎంజైము తగ్గలేదు. లోపం ఎంజైములోనే ఉందని వాళ్లు మొదట అనుకున్నారు. అలా అనుకోవడం సహజమే. కానీ అక్కడితో ఆగకుండా, కొలెస్ట్రాల్‌ను ఆల్కహాల్‌లో కరిగించి, ఎల్‌డీఎల్ వాహనం అవసరం లేకుండా నేరుగా కణాలకు అందించారు. అప్పుడు రోగుల కణాలలో కూడా ఎంజైము తగ్గింది. అంటే ఎంజైము బాగానే ఉంది, లోపలికి కబురు చేరితే అది వింటోంది, కబురు వచ్చే ద్వారమే లేదు. రేడియోధార్మిక అయోడిన్‌తో గుర్తుపెట్టిన ఎల్‌డీఎల్‌ను కలిపి చూస్తే, ఆరోగ్యవంతుల కణాల ఉపరితలానికి అది గట్టిగా అతుక్కుంది, ఆ పిల్లల కణాలకు అతుక్కోలేదు. 1973, 1974 సంవత్సరాలలో జరిగిన ఈ పనితోనే ఎల్‌డీఎల్ రిసెప్టార్ (ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి చేర్చే ఉపరితల ప్రోటీన్) అనే మాట పుట్టింది. 1985లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ రిసెప్టార్లు కణ ఉపరితలం మీద ఎక్కడ ఉంటాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసినప్పుడు, అవి లోపలివైపు పూత ఉన్న చిన్నచిన్న గుంటలలో గుమికూడి కనిపించాయి. ఆ గుంటలు అప్పటికి కొత్తవి కావు. 1964లోనే థామస్ రాత్, కీత్ పోర్టర్ వాటిని దోమ అండకణాలలో చూసి, పచ్చసొన ప్రోటీన్ ఆ దారిలోనే లోపలికి వెళుతుందని రాశారు. దోమ గుడ్డు సొనను ఎలా మింగుతుందో గమనించిన ఆ రోజున వాళ్ల ముందు గుండె జబ్బు లేదు. పదేళ్లు పైబడ్డాక అదే చిత్రం, మనిషి చర్మకణంలో కొలెస్ట్రాల్ ఎలా లోపలికి వెళుతుందో చెప్పడానికి పనికివచ్చింది. ఒక రోగి కణాలలో రిసెప్టార్లు ఎల్‌డీఎల్‌ను చక్కగా పట్టుకుంటున్నాయి కానీ ఆ గుంటలలోకి చేరడం లేదని తేలినప్పుడు, ఒకే పేరుతో పిలిచే జబ్బులో లోపం ఒక్కొక్కరికి ఒక్కో మెట్టు దగ్గర ఉండవచ్చునని కూడా అర్థమైంది.

ఇక మీ దగ్గరికి వస్తాను. ఆ వ్యాధి ఉన్న కుటుంబాల జన్యువులను ఒక్కొక్కటిగా పరిశీలించాక, లోపాలను కొన్ని తరగతులుగా విభజించారు. వాటిలో రెండో తరగతి ఏమిటో చూడండి. రిసెప్టార్ తయారవుతుంది, కానీ సరిగా ముడుచుకోక అంతర్జీవద్రవ్యజాలంలోనే, మనం ల్యాబ్‌లో ఈఆర్ అనే చోటనే, చిక్కుకుపోతుంది. గాల్జీకి చేరదు, కాబట్టి ఉపరితలానికీ చేరదు. ఇటువంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. అంటే మీరు మూడేళ్లుగా కూర్చున్న ద్వారం దగ్గరే వాళ్ల జబ్బు ఆగిపోయింది.

మాత్ర సంగతి ఇంకా ఆశ్చర్యకరం. అకిరా ఎండో 1970లలో ఒక పెనిసిలియం బూజు నుంచి వేరుచేసిన కాంపాక్టిన్ అనే పదార్థం, అటోర్వాస్టాటిన్ చేరిన స్టాటిన్ మందుల కుటుంబానికంతా మూలం. ఆ కుటుంబంలో లోవాస్టాటిన్ 1987లో మందుగా అనుమతి పొందింది. ఈ మందులు రిడక్టేజ్‌ను అడ్డుకుని, కాలేయ కణం కొలెస్ట్రాల్ తయారుచేసుకోకుండా ఆపుతాయి. అంతవరకు అందరికీ తెలుసు. కానీ రక్తంలోని ఎల్‌డీఎల్ తగ్గడానికి అసలు కారణం ఆ తర్వాత జరిగేది. తన ఈఆర్ పొరలో కొలెస్ట్రాల్ తగ్గిందని గమనించగానే, అక్కడ స్కాప్ అనే ప్రోటీన్ తన వెంట ఎస్‌ఆర్‌ఈబీపీ అనే మరో ప్రోటీన్‌ను తీసుకుని చిన్న తిత్తిలో ఎక్కి గాల్జీకి ప్రయాణిస్తుంది. అక్కడ ఎస్‌ఆర్‌ఈబీపీ కత్తిరింపబడుతుంది. ఆ ముక్క కేంద్రకంలోకి వెళ్లి, ఎల్‌డీఎల్ రిసెప్టార్ జన్యువును మేల్కొలుపుతుంది. అప్పుడు కాలేయ కణం ఉపరితలం మీద రిసెప్టార్లు పెరిగి, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాగుతాయి. ఈఆర్ నుంచి గాల్జీకి ఆ తిత్తిని తయారుచేసేది మీకు బాగా తెలిసిన కాప్-2 అనే ప్రోటీన్ల పూతే.

ఆ పూత ఎలా దొరికిందో మీకు నేను చెప్పనవసరం లేదు, కానీ మీ మామయ్యగారికి చెప్పవలసి వస్తుంది కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. ర్యాండీ షెక్‌మన్, ఆయన విద్యార్థి పీటర్ నోవిక్ 25 డిగ్రీల వద్ద మామూలుగా పెరుగుతూ 37 డిగ్రీల వద్ద స్రావం (ప్రోటీన్లను కణం బయటికి పంపడం) ఆగిపోయే ఈస్ట్ మ్యూటెంట్ల కోసం వెతికారు. 1979లో మొదటిది దొరికింది. స్రావం ఆగినా లోపల తయారీ ఆగదు కాబట్టి కణం బరువెక్కుతుందని గమనించి, సాంద్రత ఆధారంగా బరువైన కణాలను వేరుచేసి, 1980 నాటికి సెక్ అనే పేరుతో 23 జన్యువులను గుర్తించారు. 1994లో ఆ దారిలోనే ఐదు ప్రోటీన్లను శుద్ధిచేసి, అవి ఉంటే చాలు ఈఆర్ పొర నుంచి తిత్తులు మొలుస్తాయని చూపించారు. ఈస్ట్‌లోని ఆ సెక్ ప్రోటీన్లకు మనిషి కణంలో తోబుట్టువులు ఉన్నాయి. ఇప్పుడు మీ మామయ్యగారి కాలేయంలో, ఆయన రాత్రి మాత్ర వేసుకుని నిద్రపోయాక, స్కాప్‌ను తిత్తిలోకి ఎక్కిస్తున్నది వాటిలో ఒకటైన సెక్24 కుటుంబమే. ఆ మార్గం నడవకపోతే స్టాటిన్‌కు ఎల్‌డీఎల్‌ను తగ్గించే బలంలో ముఖ్యమైన భాగం పోతుంది. 2013లో షెక్‌మన్‌కు జేమ్స్ రాత్‌మన్, థామస్ సూడాఫ్‌లతో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు గౌరవించింది ఈ తిత్తుల రవాణానే.

ఇందులో ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈస్ట్ మీద పని చేయడం వల్ల స్టాటిన్ పుట్టిందని మాత్రం ఎవరితోనూ అనకండి, అది నిజం కాదు. బూజు దారి వేరు, చర్మకణాల దారి వేరు, ఈస్ట్ దారి వేరు. అవి కలిసిన చోటు కణంలోపల ఉంది. ఆ మందు ఎందుకు పనిచేస్తుందో, ఎవరిలో ఎందుకు పనిచేయదో, అది చాలని వారికి మరేమి చేయవచ్చో ఆ కలయిక వల్లనే చెప్పగలుగుతున్నాము. ఉదాహరణకు, రిసెప్టార్లు పుట్టుకతోనే పూర్తిగా లేని పిల్లలకు స్టాటిన్ చాలదని మనకు ముందే తెలుస్తుంది, ఎందుకంటే పెంచడానికి అక్కడ ద్వారమే లేదు. 2003లో పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌కు ఈ వ్యాధితో సంబంధం ఉందని తేలింది. అది రిసెప్టార్‌ను పట్టుకుని, క్రిస్టియన్ డి దువ్ 1955లో పేరుపెట్టిన లైసోసోమ్‌కు, అంటే కణంలో పనికిరానివాటిని అరిగించే సంచికి, పంపి నాశనం చేయిస్తుందని కణశాస్త్రజ్ఞులు చూపించారు. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ మందులు 2015లో వచ్చాయి. పన్నెండేళ్లంటే మన రంగంలో చాలా వేగం.

అంత వేగం అన్నిచోట్లా ఉండదు. టిమ్ హంట్ 1982లో సముద్రపు అర్చిన్ గుడ్లలో, కణ విభజనకు ముందు పెరిగి విభజన సమయంలో మాయమయ్యే ప్రోటీన్‌ను గమనించి సైక్లిన్ అన్నారు. సైక్లిన్‌తో జతకట్టే కైనేజ్‌లు అనే ఎంజైములను అడ్డుకునే పాల్బోసిక్లిబ్ రొమ్ము క్యాన్సర్‌కు మందుగా వచ్చింది 2015లో. మధ్యలో గడిచింది 33 ఏళ్లు. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యూకీమియా అనే రక్త క్యాన్సర్ రోగుల కణాలలో పొట్టి క్రోమోజోమ్ కనిపించింది 1960లో. అది రెండు క్రోమోజోమ్‌ల మధ్య ముక్కలు మారడం వల్ల వచ్చిందని జానెట్ రౌలీ చూపించింది 1973లో, ఆ జబ్బుకు మందైన ఇమాటినిబ్ వచ్చింది 2001లో. ఇటువంటి వరసలను చదివినప్పుడు అన్నీ ఒకదాని వెంట ఒకటి తప్పనిసరిగా జరిగినట్టు కనిపిస్తాయి. ఆ మధ్య సంవత్సరాలలో పనిచేసినవారిలో చాలామందికి చివర ఏముందో కనిపించలేదు. ఎక్కడికీ చేరని పరిశోధనలు కూడా అన్నే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ రాయరు. మీ పరిశోధన వాటిలో ఒకటి కావచ్చు. ఈ మాట మీ ఉత్సాహం తగ్గించడానికి రాయడం లేదు. దీన్ని దాచి మీకు ధైర్యం చెబితే ఆ ధైర్యం ఒక ఏడాది కూడా నిలవదు.

కాబట్టి రెండో ప్రశ్న. ఉపయోగం కోసం మీరు వృత్తి మారవలసిన అవసరం లేదు. అయితే స్వభావం కోసం మారవలసి రావచ్చు. ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీసి, రాత్రి ఎర్రగా ఉన్న మాధ్యమం పసుపుపచ్చగా మారి ఉంటే, ఇది కణాలు బాగా పెరిగి ఆమ్లం విడుదల చేయడం వల్ల వచ్చిన రంగా, లేక బాక్టీరియా చేరిందా అని పాత్రను వెలుతురుకు ఎత్తిపట్టి మసక కోసం వెతికే ఆ క్షణంలో మీకు కుతూహలం కలుగుతుందా, విసుగు మాత్రమే కలుగుతుందా? మీది ఈస్ట్ కాబట్టి రంగు వేరు కావచ్చు, కానీ ఆ క్షణం మీకు తెలుసు. రోజులో ఎక్కువ భాగం ఇటువంటి క్షణాలే. రోగి ముఖం చూస్తేనే పని అర్థవంతంగా అనిపించేవారు కొందరు ఉంటారు. అది లోపమేమీ కాదు, మందుల పరీక్షలలో, రోగనిర్ధారణలో అటువంటివారు కావాలి. మీరు వారిలో ఒకరైతే నిశ్చింతగా వెళ్లండి. ఆసుపత్రిలో మామయ్యగారి మంచం పక్కన కలిగిన నిస్సహాయతను తప్పించుకోవడానికి మాత్రం వెళ్లకండి. ఆ నిస్సహాయత వైద్యులకూ ఉంటుంది. బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లను చర్మకణాల వైపు నడిపించింది కూడా, రోగిని చూస్తూ ఏమీ చేయలేకపోవడమే అని నేను అనుకుంటాను.

రెండిటి మధ్య ఒక దారి ఉంది, అది మీకు సరిపోవచ్చు. మీ ప్రశ్నను ఈస్ట్‌లోనే ఉంచి, దాని జవాబును మాత్రం రోగుల కణాలలో పరీక్షించండి. ఈఆర్‌లో ప్రోటీన్ చిక్కుకుపోవడం వల్ల వచ్చే జబ్బులు కొలెస్ట్రాల్ వ్యాధి ఒక్కటే కాదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులలో అత్యధికంగా కనిపించే మ్యుటేషన్ వల్ల కూడా సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీన్ ఈఆర్ దాటలేకపోతుంది. జన్యువు 1989లో దొరికితే, ఆ చిక్కును సరిచేసి ప్రోటీన్‌ను ఉపరితలానికి చేర్చే మందులను, పెంచిన కణాల మీద వేలకొద్దీ పదార్థాలను పరీక్షించి కనిపెట్టారు. మూడు మందుల కలయిక 2019లో అనుమతి పొందింది. మీ మార్గదర్శకులతో మాట్లాడి, ఆసుపత్రి పాథాలజీ విభాగంలో కొన్ని వారాలు గడపడానికి అనుమతి అడగండి. స్లైడ్ మీద కణం ఎలా పాడవుతుందో రోజూ చూసేవారి ప్రశ్నలు వింటే, మీ పరిశోధనలో ఏ ప్రయోగం ముందు చేయాలో బహుశా మారుతుంది.

అలా మనిషి కణాల వైపు వెళితే, రెండు విషయాలు మరిచిపోకండి. మొదటిది, ఆ కణాలు ఒక మనిషివి. 1951లో హెన్రియెటా లాక్స్ అనే రోగి కణితి నుంచి, పరిశోధనకు ఆమె అనుమతి అడగకుండా తీసిన కణాలే హేలా కణాలు. ఆమె అదే ఏడాది మరణించారు, ఆ కణాలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకా పరీక్షల నుంచి ఎన్నో మేళ్లకు అవి ఉపయోగపడ్డాయి. కుటుంబానికి ఆ సంగతి తెలియడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. మేలు జరిగిందన్న మాట ఆ తప్పును చెరపదు. అనుమతి పత్రం మీద సంతకం ఉందో లేదో చూడటం మరొకరి పనని ఎప్పుడూ అనుకోకండి.

రెండోది నా అనుభవం. చాలా ఏళ్ల కిందట రొమ్ము కణాలని రాసిన గొట్టం ఒకటి మరో ల్యాబ్ నుంచి మాకు వచ్చింది. ఎనిమిది నెలలు ఆ కణాల మీద పనిచేశాను. ఫలితాలు అందంగా వచ్చాయి, పత్రం సగం రాశాను. ప్రచురణకు ముందు డీఎన్ఏ గుర్తింపు పరీక్ష చేయిస్తే అవి హేలా కణాలని తేలింది. ఎక్కడో, ఎప్పుడో ఒక చుక్క కలిసి, వేగంగా పెరిగే ఆ కణాలు మిగతావాటిని తొలగించేశాయి. ఆ పత్రం వెలువడి ఉంటే, నా గ్రాఫులను నమ్మి ఎవరో మందు కోసం వెతికేవారు, ఆ వెతుకులాటకు రోగులు కొందరు సహకరించేవారు. కణశాస్త్రజ్ఞులు వైద్యానికి చేసే మేలు ఎంత దూరం ప్రయాణిస్తుందో, చేసే పొరపాటు కూడా అంతే దూరం వెళుతుందని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ తర్వాత ఏ కణాలనూ పరీక్షించకుండా ఫ్రీజర్ నుంచి బల్ల మీదికి తీసుకురాలేదు. మీ ఈస్ట్ మ్యూటెంట్ల విషయంలో కూడా, గొట్టం మీద రాసిన పేరును నమ్మకుండా జన్యువును చదివించి చూసుకోండి.

మామయ్యగారికి జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. ఈసారి మాత్ర అందించేటప్పుడు, మీ కాలేయంలో ఒక ద్వారం ఉంది, ఈ మాత్ర ఆ ద్వారాల సంఖ్య పెంచుతుంది, ద్వారం తెరవమన్న కబురు మోసుకెళ్లే బండి ఎలా కదులుతుందో మొదట ఈస్ట్‌లోనే తెలిసింది, నేను ఆ బండి గురించి చదువుతున్నాను అని చెప్పండి. నా పనివల్ల ఇంకా ఎవరికీ మందు రాలేదు అని కూడా చెప్పండి. తెలుసుకోవాలని అడిగిన మనిషి కాబట్టి, ఆయన రెండు మాటలనూ అర్థం చేసుకుంటారు.

చివరగా, పక్కన పెట్టేసిన ఆ మ్యూటెంట్ గురించి. 37 డిగ్రీల వద్ద వింతగా ప్రవర్తిస్తోందని రాశారు, ఎలా వింతగా అన్నది రాయలేదు. స్రావం ఆగిపోయి కణం బరువెక్కుతోందా? ఈఆర్ ఉబ్బుతోందా, లేక తిత్తులు మొలిచి గాల్జీతో కలవలేక పోగుపడుతున్నాయా? ఈ రెండిటికీ తేడా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఒక్క చూపుతో తెలుస్తుంది. ఉద్యోగం మారే నిర్ణయం ఏదైనా, ముందు ఆ కణాలను మరోసారి పెంచి, 25 డిగ్రీల వద్ద కొన్నిటినీ 37 వద్ద కొన్నిటినీ ఉంచి, ఆ చిత్రాలు తీయించండి.